రాళ్లకు ఉన్న జ్ఞాపకం మనుషులకు లేదు

ఆటల చావడి: పాఠకుల ప్రశ్నలు, కడప నుంచి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆటను గురించి పొగడ్త కొంత, విసుగు కొంత కలిపి రాశాను. 2011 నాటి ఆట, ఇప్పుడు ఎవరికి పట్టిందిలే అనుకున్నాను. ఉత్తరాలు చూశాక తెలిసింది, మన వైపు కుర్రాళ్లు ఇంకా ఆ మంచులోనే తిరుగుతున్నారని. తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికాలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్ చేసిన ఆట ఇది, దర్శకుడు టాడ్ హోవర్డ్. ఉత్తరాన ఒక చలిదేశం. అక్కడ అంతర్యుద్ధం నడుస్తూ ఉంటుంది. ఏనాడో చచ్చాయనుకున్న డ్రాగన్లు తిరిగి లేస్తాయి. వాటిని చంపి, వాటి ఆత్మను తనలో కలుపుకోగల మనిషి ఒకడుంటాడు. ఆ మనిషి మీరే.

*ప్రొద్దుటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: అన్నా, ఈ ఆటకు మా బావ పదికి పది వేస్తాడు. నా గదిలో ఉండే స్నేహితుడు నాలుగుకు మించి వేయనంటాడు. ఇద్దరూ నూరు గంటలకు పైగా ఆడినవాళ్లే. నా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. కొనమంటారా? మీరైతే ఎన్ని మార్కులు వేస్తారు?*

మార్కులు వేయను తమ్ముడూ. మీ ఊళ్లో బంగారు అంగళ్లకేం తక్కువ లేదు కదా, ఒకసారి పోయి కూర్చుని చూడు. పాత నగ తీసుకుపోతే గీటురాయి మీద వన్నె చూస్తారు, తర్వాత తూకం వేస్తారు, ఆ తర్వాత తరుగు తీస్తారు. మూడూ విడివిడిగా చూశాకే ధర మాట ఎత్తుతారు. మీ బావ వన్నె చూసి మాట్లాడుతున్నాడు, నీ స్నేహితుడు తరుగు చూసి మాట్లాడుతున్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. 2011 నాటి మూల ఆటకు 2 జీబీ ర్యామ్, 512 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటే నడుస్తుంది. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌కు మాత్రం 8 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ కావాలి. ఆట అదే, పేరులో రెండు మాటలే తేడా. తొందరలో కొత్తది కొని, అది తెరుచుకోక నా అంగడికి మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు.

ఇక వన్నె. 2012 వేసవిలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ఒక సందులో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక కూలర్, గంటకు 15 రూపాయలు. మూలన ఉన్న ఒక్కదానికే మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించాను. వేంపల్లె వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతూ ఉండేది. వాడు ఆటలో ఎవరితోనూ తలపడేవాడు కాడు, కొండ ఎక్కేవాడు. ఏడువేల మెట్ల దారి అని ఒకటుంది అందులో. పేరుకే ఏడువేలు, లెక్కపెట్టడం మొదలుపెడితే వేయి దాటకుండానే కొండకొమ్ము వచ్చేస్తుంది. మంచుగాలి హోరు వాడి హెడ్‌ఫోన్లలోంచి నా బల్ల దాకా వినబడేది. దారిలో పది రాతి ఫలకాలు ఉంటాయి. ఒక్కో దాని దగ్గర ఆగి, కూడబలుక్కుంటూ చదివి, మెల్లగా పైకి నడిచేవాడు. “ఊరికే ఎందుకురా నడుస్తావు?” అని అడిగితే, “చల్లగా ఉంది సార్” అన్నాడు. మా కూలర్ గాలి ఆ మూలకు అందేది కాదు.

ఆ దేశాన్ని తయారు చేయడంలో వాళ్లకు వంక పెట్టలేను. ఏ కొండ కనబడితే ఆ కొండ వైపు నడవవచ్చు. ఏ గుహలోకి దూరినా లోపల ఎవరిదో ఒక ఎముకల గూడు, పక్కన ఒక చీటీ, ఆ చీటీలో ఒక చిన్న కథ ఉంటాయి. తరుగు ఎక్కడ ఉందో కింది ఉత్తరంలో చెబుతాను. కొను, కానీ 2011 నాటిదే.

*గుంతకల్లు నుంచి ఒక రైల్వే ఉద్యోగి: అయ్యా, పోయిన నెల వ్యాసం మొదట్లో “ఆ ఊళ్లలో మనుషులు పొద్దున లేచి పనికి పోతారు, రాత్రి ఇంటికి చేరి పడుకుంటారు, జీవం ఉట్టిపడుతుంది” అని రాశారు. చివరికొచ్చేసరికి వాళ్లను బొమ్మలన్నారు. రెంటిలో ఏది నమ్మాలి?*

మీరు పట్టుకున్నారు. మొదటిది తొందరలో రాసిన మాట, వెనక్కి తీసుకుంటున్నాను. వేళకు లేచి, వేళకు పడుకోవడం జీవమైతే మీ స్టేషన్‌లో గడియారానికి కూడా జీవం ఉన్నట్లే.

ఆ ఆటలో కమ్మరి పొద్దున కొలిమి దగ్గరికి పోయి, పొద్దు గూకాక ఇంటికి పోయేమాట నిజమే. మొదటి పది గంటలు అది చూసి నేనూ మురిసిపోయాను. కానీ మనం చేసిన పని ఆ మనుషుల బుర్రలో నిలవదు. వైట్‌రన్ అనే పట్టణం ఉంది. దాని మీదికి వచ్చిన డ్రాగన్‌ను మనమే చంపుతాం. ఊరి దొర మనకు బిరుదు ఇస్తాడు, ఇల్లు కొనుక్కోనిస్తాడు. మర్నాడు సంతలో నజీమ్ అనే పెద్దమనిషి ఎదురుపడి, దొరలుండే పైపేటకు నీలాంటివాడికి ఎప్పుడైనా ప్రవేశం దొరికిందా అన్నట్లు ఎగతాళి చేస్తాడు. దొర పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి పట్టుకుని! యోధుల సంఘానికి పెద్దనైన తర్వాత కూడా కావలివాళ్లు నన్ను నిన్న చేరిన కుర్రవాడి కిందే జమకట్టారు. ఆ సంఘంలో నీ పని సారాయి మోయడమా అని అడిగారు.

మంత్రవిద్యల కళాశాల ఇంకా తమాషా. వాకిట్లో ఒక మంత్రం వేసి చూపిస్తే చేర్చుకుంటారు. నాలుగు గుహలు తిరిగి వస్తే చాలు, ఆ కళాశాలకు అధిపతిని చేసి అంగీ తొడుగుతారు. నేను అధిపతి అయ్యేనాటికి నాకు గట్టిగా వచ్చిన మంత్రాలు రెండు, అందులో ఒకటి దీపం వెలిగించేది. మన దగ్గర జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ కావాలన్నా ఇంతకంటే ఎక్కువ అడుగుతారు.

అంతర్యుద్ధం మరీ నిరాశ. కాగితం మీద చూస్తే మంచి కథ అది. తమ దేవుణ్ణి కొలుచుకునే హక్కు కోసం పోరాడుతున్నామనేవాళ్లే, తమ నగరంలో పరదేశులను ఒక మురికివాడలోకి నెట్టి ఉంచుతారు. ఏ పక్షం చేరాలో తేల్చుకోలేక రెండు రోజులు ఆట ఆపాను. తీరా చేరాక కోట ముట్టడి అంటే గట్టిగా రెండు డజన్ల మంది కత్తులు తిప్పుకోవడం. గెలిచాక సింహాసనం మీద మొహం మారుతుంది. సంతలో కూరగాయలమ్మే ఆమె నిన్నటి మాటే చెబుతుంది.

ఇందుకు కారణం లేకపోలేదు, అది కూడా చెప్పాలి. మొదటి గంట నుంచే మీరు ఎవరైనా కావచ్చు, ఎటైనా పోవచ్చు అని ఈ ఆట మాట ఇచ్చింది. దొంగగా వచ్చినా, మంత్రగాడిగా వచ్చినా, అసలు కథ ముట్టకుండా పూలు ఏరుకుంటూ వచ్చినా చెల్లే మాటలే ప్రతి మనిషి నోటా పెట్టాలి. అలాంటి మాటలు చప్పగానే ఉంటాయి. పోలండ్‌వాళ్లు 2015లో తెచ్చిన విచర్ 3 అనే ఆటలో కథానాయకుడు ఒక్కడే, వాడి పేరూ వృత్తీ ముందే నిర్ణయమైపోయాయి. అందుకే అక్కడ ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మను వదిలామా, చంపామా అన్నదాన్ని బట్టి ఎక్కడో ఉన్న ఒక ప్రభువు కుటుంబం గతి మారిపోతుంది. స్కైరిమ్‌లో ఆ పట్టు లేదు, విచర్‌లో ఈ స్వేచ్ఛ లేదు. అయినా ఒక్క కావలివాడి చేత “దొరా” అని సరిగ్గా పిలిపించడానికి అంత ఖర్చవుతుందా అని నాకు ఇప్పటికీ కోపమే.

*కర్నూలు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: సార్, కొలిమి పని నేర్చుకుంటే మంచి కత్తి చేసుకోవచ్చని ఎవరో చెబితే కూర్చుని వందలకొద్దీ ఇనుప బాకులు చేశాను. స్మితింగ్ (కొలిమి పని నైపుణ్యం) 100 అయింది. ఇప్పుడు బయటికి పోతే దారిదోపిడీ దొంగలు కూడా నన్ను రెండు దెబ్బలకే చంపుతున్నారు. నేను చేసిన తప్పేమిటి?*

నీ తప్పు సగం, ఆట తప్పు సగం. ఇందులో ఏ పని చేస్తే ఆ పనిలో నైపుణ్యం పెరుగుతుంది. మొత్తం 18 నైపుణ్యాలు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, కత్తి తిప్పినవాడికే కత్తి వస్తుంది. చిక్కేమిటంటే ఏ నైపుణ్యం పెరిగినా నీ మొత్తం లెవెల్ పెరుగుతుంది. ఆ లెవెల్ చూసి చాలాచోట్ల శత్రువులు కూడా బలం పెంచుకుంటారు. నువ్వు కొలిమి దగ్గర చెమటోడ్చిన ప్రతి గంటా ఎక్కడో అడవిలో దొంగలు సాము చేశారన్నమాట. బేరమాడటం నేర్చుకున్నా, మందులు నూరినా ఇదే వరస. వైద్యుడు ముదిరేకొద్దీ ఊళ్లో రోగాలు కూడా ముదిరినట్లుంటుంది. దీన్ని నేను చిన్న లోపం అనను. కష్టపడితే సుఖం ఉంటుందనే నమ్మకం మీదే ఇలాంటి ఆటలు నిలబడతాయి. అక్కడే ఈ ఆట కాలు జారింది.

నీకు దారి ఉంది. 2013లో వచ్చిన 1.9 సవరణతో, 100కు చేరిన నైపుణ్యాన్ని “లెజెండరీ” చేసే వీలు కల్పించారు. అలా చేస్తే స్మితింగ్ 15కు పడిపోతుంది కానీ, అందులో ఖర్చు పెట్టిన పాయింట్లన్నీ నీ చేతికి తిరిగి వస్తాయి. వాటిని కత్తి మీదా, కవచం మీదా పెట్టు. అయితే అంతకు ముందే నీ దగ్గరున్న మంచి ఆయుధాలకు పదును పెట్టించుకో, తర్వాత ఆ చేయి ఉండదు. కొన్నాళ్లు కష్టం స్థాయి తగ్గించి ఆడు. ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

*ఆళ్లగడ్డ నుంచి శిల్పుల ఇంటి అబ్బాయి: అన్నా, మా నాన్న, పెదనాన్న విగ్రహాలు చెక్కుతారు. ఆ ఆటలో గుహల చివర అర్ధచంద్రంలా వంగిన పెద్ద రాతిగోడలు వస్తాయి, వాటి మీద గీతలు ఉంటాయి. దగ్గరికి పోతే పాట వినబడుతుంది, ఒక్క మాట మాత్రం వెలుగుతుంది. మిగతా గీతలు ఊరికే అలంకారమా, అర్థం ఉందా? మా నాన్నకు చూపిస్తే “ఇది ఉలితో చేసింది కాదు, గోటితో గీకింది” అన్నాడు.*

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆట చేసినవాళ్లు ఉద్దేశించింది అచ్చంగా అదే. అది డ్రాగన్ల లిపి, గోళ్లతో రాతిని గీస్తే పడే గీతలు, చుక్కలే అక్షరాలు. ఎమిల్ పాగ్లియారులో అనే ఆట రూపకర్త ఆ భాషను కల్పించాడు, ఆడమ్ ఆడమోవిచ్ అనే చిత్రకారుడు లిపి గీశాడు. మొత్తం 34 అక్షరాలు. మన “ఆ”, “ఈ”ల మాదిరి కొన్ని దీర్ఘాలకు విడిగా అక్షరాలున్నాయి. ఇంగ్లీషు దొరలకు ఆ బుద్ధి పుట్టినందుకు సంతోషించాను. నీకు వినబడే పాట కూడా ఆ భాషలోదే. సంగీతం కూర్చినవాడు జెరెమీ సోల్. ఆట మొదట్లో వచ్చే పాటకు ముప్పై మందికి పైగా ఉన్న బృందం చేత పాడించి, దాన్ని మూడు పొరలుగా పేర్చి తొంభై మంది గొంతులా వినిపించాడు.

మిగతా గీతలు అలంకారం కాదు. ప్రతి మాటకూ అర్థం ఉంది. 2013లో సెంటర్‌కు జనం తగ్గిన రోజుల్లో నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆ గోడలు ఎత్తి రాసుకున్నాను. కొన్నిటి అర్థం ఆటలోనే ఒక పుస్తకంలో దొరుకుతుంది. ఆ వాక్యాల నడక పట్టుబడగానే నాకు ఒళ్లు జలదరించింది. “ఫలానావాడు ఈ రాయిని ఫలానావారి జ్ఞాపకార్థం నిలిపాడు.” పోయిన తమవాళ్ల కోసం అయినవాళ్లు నిలిపిన రాళ్లు అవి. అబ్బాయీ, అవి వీరగల్లులు!

మా అమ్మమ్మగారి ఊరు కమలాపురం దగ్గర. చెరువుగట్టు కింద ఒక వీరగల్లు ఉండేది. కత్తి పట్టిన మనిషి, పైన అతణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న ఆడవాళ్లు. ఎవరికోసమో, ఏ గొడవలోనో ఎవరికీ తెలియదు. పిల్లలం దాని మీద చింతకాయలు దంచుకునేవాళ్లం, అమ్మమ్మ కేకలేసేది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఉంది కదా, తెలుగులో దొరికిన తొలి శాసనం అక్కడిదే. రేనాటి చోళుడు ధనంజయుడిది, క్రీస్తు శకం 575 నాటిది. అది చూడటానికి పోయినప్పుడు నేను చేసిన పనీ, ఆ గుహ చివర నేను చేసిన పనీ ఒక్కటే. చదవలేని రాయి ముందు నిలబడి, తెలిసిన ఒక్క మాట ఎక్కడైనా కనబడుతుందా అని వెతుక్కున్నాను. ఆటలో ఒక్క మాటే వెలగడం అందుకే నాకు అబద్ధంగా తోచలేదు.

ఈ ఆటలో అన్నిటికంటే శ్రద్ధగా చేసిన పని ఇదేనని నా అభిప్రాయం. నూటికి తొంభై మంది ఆ మాట తీసుకుని, పక్కన ఉన్న పెట్టె తెరిచి వెళ్లిపోతారని తెలిసి కూడా ఆ గోడలన్నిటికీ మాటలు రాశారు. చచ్చినవాళ్ల కోసం ఇంత తీరిక దొరికినవాళ్లకు, సంతలో బతికున్న నజీమ్‌కు రెండో మాట నేర్పే తీరిక దొరకలేదు. మీ నాన్నగారు మళ్లీ చూస్తానంటే ఏడువేల మెట్ల దారిలో ఫలకాలు కూడా చూపించు. వాటి మీద ఉలిపని ఉంది, ఆయన ఏమంటారో నాకు రాయి.

*మైదుకూరు నుంచి ఒక తల్లి: అన్నయ్యా, మా వాడికి పదమూడేళ్లు. ఈ ఆట కొనివ్వమని ప్రాణం తీస్తున్నాడు. భోజనానికి పిలిస్తే “ఆట మధ్యలో ఆపకూడదమ్మా” అంటాడు. ఇవ్వవచ్చా?*

వద్దు చెల్లెమ్మా, ఇంకా నాలుగేళ్లు ఆగనివ్వండి. అమెరికా వర్గీకరణలో ఇది 17 ఏళ్లు దాటినవాళ్లకు, ఐరోపాలో 18 దాటినవాళ్లకు. ఆట మొదలైన కాసేపటికే కళ్లముందు ఒక మనిషి తల నరుకుతారు. డబ్బు తీసుకుని హత్యలు చేసే ముఠాలో చేరే కథ ఒకటుంది, అది మొదలయ్యేది ఒక పిల్లవాడి కోరికతో. రాయడం బాగా రాశారు, అందుకే పదమూడేళ్లవాడికి వద్దంటున్నాను.

ఇంకొకటి. ఇది ఒక్కరే ఆడే ఆట, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాటలు ఉండవు. ఎప్పుడంటే అప్పుడు ఆపి, సేవ్ చేసి లేవవచ్చు. కాబట్టి రేపు పెద్దయ్యాక ఆడినా “మధ్యలో ఆపకూడదు” అనే మాట మాత్రం నమ్మకండి. మా ఆవిడ ఈ సంగతి కనిపెట్టిన రోజు నుంచి నాకు మొదటి పిలుపుకే లేవడం అలవాటైంది.

*అనంతపురం నుంచి: కొత్త కంప్యూటర్, 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. పాత స్కైరిమ్ పెట్టి ఒక ఇంట్లోకి పోగానే బల్ల మీది పళ్లేలు, రొట్టెలు వాటంతట అవే ఎగిరిపడుతున్నాయి. దయ్యమా, వైరసా?*

రెండూ కాదు. ఆ ఆటలో వస్తువుల కదలికను సెకనుకు తెర మీద పడే ఫ్రేముల సంఖ్యకు ముడిపెట్టారు. 60 దాటితే లెక్క తప్పుతుంది, మీ కొత్త మానిటర్ 144 దాకా పోతుంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో 60కి కట్టేయండి, పళ్లేలు దిగివస్తాయి. ఈ ఆట లోపాల చరిత్ర పెద్దదే. విడుదలైన నెలలోనే ఇచ్చిన 1.2 సవరణ తర్వాత డ్రాగన్లు వెనక్కి ఎగిరాయి. ప్లేస్టేషన్ 3లో సేవ్ ఫైలు బరువెక్కేకొద్దీ ఆట నత్తనడక నడిచేది, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు అది క్షమించరాని సంగతి. రాక్షసుడు గదతో కొడితే మనిషి ఆకాశంలోకి ఎగిరిపోవడం మాత్రం బాగుందని చేసినవాళ్లే ఉంచేశారు. అంగడివాడి తలమీద గంప బోర్లించి, వాడు చూడటం లేదు కనుక అంతా దోచుకోవచ్చన్నది కూడా నా లెక్కలో లోపం కాదు, వినోదం.

*ఆదోని నుంచి ఒక పాఠకుడు: ముసలి డ్రాగన్ పార్తుర్నాక్స్‌ను చంపమని బ్లేడ్స్ అనే డ్రాగన్ వేటగాళ్ల దళం పట్టుబడుతోంది, చంపకపోతే సాయం చేసేది లేదంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. మూడో దారి ఉందా? మీరేం చేశారు?*

మూల ఆటలో మూడో దారి లేదు. అది లోపమా, గుణమా అని నాతో నేనే చాలా వాదించుకున్నాను. ఆ ముసలిది ఒకప్పుడు మనుషులను హింసించిన మాట నిజం. తర్వాత తన జాతికే ఎదురుతిరిగి మనుషులకు విద్య నేర్పి, కొండకొమ్మున ఒంటరిగా కూర్చుని తన స్వభావంతో తానే పోరాడుతోంది. ఇక ఆ బ్లేడ్స్ ఇద్దరున్నారే, పెద్దామె, పుస్తకాల ముసలాయన, వాళ్ల పక్షాన కూడా న్యాయం ఉంది, పాత హత్యలకు కాలదోషం పట్టదంటారు. ఈ ఆటలో మనుషులు మనిషిలా మాట్లాడిన చోట్లు తక్కువ, అందులో ఇదొకటి. కానీ “పెద్దామ్మా, ఈ దేశంలో డ్రాగన్లను చంపగలిగింది నేను, దీని సంగతి నాకు వదిలేయి” అని అనడానికి మనకు ఒక వాక్యం ఇవ్వలేదు. ఆ ఒక్క వాక్యం లేని లోటు తీర్చడానికే అభిమానులు మాడ్‌లు, అంటే ఆటను మార్చే అదనపు ఫైళ్లు, రాసుకున్నారు. కంప్యూటర్‌లో ఆడుతుంటే వెతికి పెట్టుకోండి.

నేను మాడ్ పెట్టుకోలేదు, చంపనూ లేదు. బ్లేడ్స్ ఉన్న వైపు మళ్లీ పోలేదు. చంపాలని చెప్పే ఆ పని 2013 నుంచి నా జాబితాలో అలాగే ఉంది, ఆట తెరిచినప్పుడల్లా కనబడుతుంది.